క్లాసు రికార్డ్ చేసి పిల్లలకివ్వాలంటే కెమెరా సంగతి తర్వాత, ముందు మైకు చూడండి

మేడమ్, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఇంజినీరింగ్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సెకండియర్‌కి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు చెప్తున్నారు, పిల్లలు రికార్డింగ్ కావాలంటున్నారు, కాలేజీ ఏం కొనివ్వదు, చేతిలో ఒక ఫోను, ఒక లాప్‌టాప్, ఇంట్లో ఒక పాత ఫోను ఉన్నాయి, సొంతంగా ఓ ఐదు వేలు పెట్టగలరు, హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సారేమో రికార్డింగ్ ఇస్తే ఇంక క్లాసుకి ఎవడొస్తాడని లొల్లి చేస్తున్నారు. నేను ఇక్కడ హైదరాబాద్‌లోనే ఒక యూనివర్సిటీలో క్లాసులు, సెమినార్లు రికార్డ్ చేసే పని చాలా ఏళ్లుగా చూస్తున్నా, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ఎవర్ని అడిగినా మీకు ముందు ఏ కెమెరా కొనాలో చెప్తారు. కెమెరా కొనకండి. పిల్లలు రికార్డింగ్ ఎందుకు తెరుస్తారో చూడండి. యాభై నిమిషాల క్లాసు మొదట్నుంచి చివరి దాకా మళ్లీ కూర్చుని చూసేవాళ్లు చాలా అరుదు. మిడ్ పరీక్ష ముందు రోజు రాత్రి హాస్టల్లో కూర్చుని, కన్వల్యూషన్‌లో (రెండు సిగ్నల్స్‌ని కలిపే లెక్క) మేడమ్ రెండో సిగ్నల్‌ని తిప్పి జరిపారు కదా, అక్కడ లిమిట్స్ సున్నా నుంచి టీ వరకే ఎందుకు పెట్టారు అని ఆ రెండు నిమిషాల ముక్క కోసం వెతుక్కుంటాడు. వాడికి కావాల్సింది రెండే, మీరన్నది స్పష్టంగా వినపడాలి, ఆ ముక్క వెంటనే దొరకాలి. 4కే, రెండు యాంగిల్స్, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఇవన్నీ పెళ్లి వీడియోకి పనికొస్తాయి.

సౌండ్ గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను చూసిన పాడైపోయిన రికార్డింగుల్లో బొమ్మ బాగాలేక పాడైనవి తక్కువ. మన క్లాస్‌రూములు తెలుసు కదా, నున్నటి గోడలు, కింద టైల్స్, పైన వరసగా ఫ్యాన్లు, కిటికీ అవతల రోడ్డు. అందులో మూడో బెంచీ మీద ఫోన్ పెట్టి దాని మైకుతోనే రికార్డ్ చేస్తే ఏమైతదో మీ సబ్జెక్టు భాషలోనే చెప్తా. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతది. గొంతు దగ్గర 20 సెంటీమీటర్లలో పెట్టిన కాలర్ మైకుకీ, 5 మీటర్ల అవతలున్న ఫోనుకీ దూరంలో తేడా 25 రెట్లు, అంటే దగ్గర దగ్గర 28 డెసిబెల్స్ పోయినట్టే. ఫ్యాన్ చప్పుడు, గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే మోత మాత్రం గదిలో ఎక్కడైనా ఇంచుమించు అంతే ఉంటది, అవి తగ్గవు. సిగ్నల్ అంత పడిపోయి నాయిస్ అలాగే ఉంటే తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తో కడిగినా పూర్తిగా పోదు, అది మీరే క్లాసులో చెప్తారు.

కాబట్టి మొదటి ఖర్చు కాలర్ మైకు. వైర్ ఉన్నదే తీసుకోండి. బోయా బీవై-ఎం1 అని ఉంటది, వెయ్యి రూపాయలకి అటూ ఇటూ, వైర్ 6 మీటర్లు, ఆ వైర్ మీదుండే చిన్న డబ్బాలో ఎల్ఆర్44 బటన్ సెల్ వేసే చోటు, ఒక చిన్న స్విచ్ ఉంటాయి. ఆ స్విచ్ ఫోన్‌కి ఒకవైపు, కెమెరాకి ఇంకోవైపు, ఫోన్ వైపు ఉంటే సెల్‌తో పనిలేదు. మైకు పనిచేయట్లేదని నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది సమస్య ఆ స్విచ్చే. ఇప్పటి చాలా ఫోన్లకి హెడ్‌ఫోన్ గుంత ఉండదు కాబట్టి టైప్-సీ కన్వర్టర్ కొనాలి, ఇక్కడే మోసపోయేది, కొన్ని కన్వర్టర్లు పాటలు వినడానికి తప్ప మైకుకి పనికిరావు, కొన్ని ఒక ఫోన్‌లో పనిచేసి ఇంకోదాంట్లో చేయవు. అందుకే ఆన్‌లైన్లో కాకుండా కోఠి గుజరాతీ గల్లీకో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కో మీ ఫోను, మీ ఇయర్‌ఫోన్స్ పట్టుకుని వెళ్లండి, షాపులోనే నిలబడి ఒక నిమిషం రికార్డ్ చేసి విని అప్పుడు డబ్బులివ్వండి. వినేటప్పుడు మైకు మీద గోరుతో మెల్లగా గీకి చూడండి, ఆ గరగర గట్టిగా పడకపోతే ఫోను ఇంకా దాని సొంత మైకుతోనే రికార్డ్ చేస్తున్నట్టు లెక్క.

వైర్‌లెస్ ఎందుకొద్దంటున్నానంటే, చీప్‌గా వచ్చే వైర్‌లెస్ మైకులు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి, క్లాసులో అరవై ఫోన్లు, మధ్యలో నలుగురి హాట్‌స్పాట్లు, ఇంక మాట మధ్యలో కట్ కట్ అని మింగేస్తది, అదీ సరిగ్గా డెఫినిషన్ చెప్పేటప్పుడే. ట్రాన్స్‌మిటర్‌లోనే విడిగా రికార్డ్ చేసుకునే మంచి వైర్‌లెస్ సెట్లున్నాయి గానీ మీ బడ్జెట్‌కి అందవు.

మరి వైర్ పట్టుకుని బోర్డు దగ్గర ఎట్లా తిరగాలి అంటారా, ఆ పాత ఫోన్ తీసి కన్వర్టర్‌తో మైకు దానికి పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి జేబులోనో నడుముకి కట్టుకునే చిన్న పౌచ్‌లోనో వేసుకోండి. వీడియో రెండో ఫోన్‌లో విడిగా పోతుంటది. రెండూ ఆన్ చేశాక కెమెరాకి కనపడేటట్టు ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల ముల్లు రెండు ట్రాకుల్లోనూ నిటారుగా కనపడతది, ఒకదాని మీద ఒకటి జరిపేస్తే అయిపాయె. క్లాసు చివర ఇంకోసారి కొడితే మధ్యలో బొమ్మకీ సౌండ్‌కీ పొత్తు ఏమన్నా జారిందా అన్నది కూడా తెలుస్తది.

మైకు ఎక్కడ తగిలించాలన్నది చిన్న విషయంలా కనపడతది గానీ మగవాళ్ల షర్టుకున్నంత సుఖం చీరకీ చున్నీకీ ఉండదు. చున్నీకి పెడితే కదిలినప్పుడల్లా గరగరమంటది, మెళ్లో గొలుసు పక్కన పెడితే టక్ టక్ మని కొట్టుకుంటది. గడ్డానికి జానెడు కింద, మధ్యలో, గట్టిగా పిన్ను పెట్టిన చోట తగిలించండి, ఒక పక్కకి పెడితే బోర్డు వైపు తల తిప్పినప్పుడల్లా గొంతు దూరంగా పోయినట్టు వస్తది. లెవెల్ మీటర్ ఉన్న యాప్ వాడితే మామూలుగా మాట్లాడేటప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టిగా అన్నప్పుడు సున్నాకి (రికార్డర్ పట్టగల పై హద్దు అది) తగలకూడదు, తగిలితే ఆ ముక్క పగిలిపోయినట్టే, తర్వాత బాగుచేయలేం.

ఏ మైకు పెట్టినా బాగుపడనివి రెండున్నాయి, అవి మీరు మార్చుకోవాలి. ఒకటి, వెనక బెంచీ నుంచి ఎవరన్నా డౌట్ అడిగితే మీ కాలర్ మైకులో అది పడదు, రికార్డింగ్‌లో ఓ పదిహేను సెకన్లు గొణుగుడు, తర్వాత మీ సమాధానం, వినేవాడికి ప్రశ్నేంటో తెలీదు. కాబట్టి ఎవరడిగినా “పీరియాడిక్ కాకపోతే ఫోరియర్ సిరీస్ ఎందుకు రాయలేం అంటున్నావు కదా” అని ఒకసారి మీ నోటితో చెప్పి అప్పుడు జవాబివ్వండి, దీనివల్ల క్లాసులో ముందు కూర్చున్న వాళ్లకి కూడా ప్రశ్న వినపడతది. రెండోది, మనందరికీ బోర్డు మీద వేలు పెట్టి “ఇది తీసుకెళ్లి దీంట్లో పెడితే ఇది వస్తది” అనే అలవాటు. ఇబ్రహీంపట్నం నుంచి ఆర్టీసీ బస్సులో నిలబడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాడికి ఇది ఏదో, దీంట్లో అంటే దేంట్లోనో దేవుడికే తెలియాలి. పేరు పెట్టి చెప్పండి, ఎక్స్ ఆఫ్ టావ్ తీసుకుని హెచ్ ఆఫ్ టీ మైనస్ టావ్‌తో గుణిస్తే అని. మొదట్లో నాలుక తిరగదు, తర్వాత అలవాటైపోతది.

ఇంటికొచ్చాక సౌండ్‌కి చేయాల్సింది తక్కువే. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వస్తది, అందులో 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (దానికంటే కింది శబ్దాల్ని కోసేది) వేస్తే ఫ్యాన్ గుయ్యిమనడం, బల్ల అదిరే చప్పుడు సగం పోతాయి. నాయిస్ రిడక్షన్‌కి ముందు ఉత్త నాయిస్ ముక్క ఒకటి చూపించాలి, అందుకని రోజూ మాట్లాడడం మొదలుపెట్టే ముందు ఐదు సెకన్లు ఊరుకోండి, ఫ్యాన్ చప్పుడు మాత్రమే పడనివ్వండి. అట్లాగని నాయిస్ రిడక్షన్ దంచేయకండి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అయితది. స లాంటి వాటి బలం ఎక్కువగా పైన 4 కిలోహెర్ట్జ్ దాటి ఉంటది, అది కోస్తే మాట అర్థం కాదు. మామూలు టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేది కాబట్టే ఎస్‌కీ ఎఫ్‌కీ తేడా తెలియక “ఎస్ ఫర్ సికింద్రాబాద్” అని చెప్పుకునేవాళ్లం కదా, అదే సంగతి. పిల్లలకి శాంప్లింగ్ థియరం (సిగ్నల్‌ని సెకనుకి ఎన్నిసార్లు కొలిస్తే ఏమీ పోకుండా పట్టుకోవచ్చో చెప్పే సూత్రం) చెప్పేటప్పుడు మీ రికార్డింగునే ఉదాహరణగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు బొమ్మ. ఫోన్ అడ్డంగా, ఒక మామూలు ట్రైపాడ్ మీద, రెండో బెంచీ దగ్గర, తలల కంటే కొంచెం పైన. బోర్డు మొత్తం ఫ్రేములో ఇరికించకండి, బోర్డుని మధ్యలో నిలువు గీతతో రెండు చేసి ఒక సగమే కెమెరాకి చూపించి డెరివేషన్లన్నీ ఆ సగంలోనే రాయండి, రెండో సగం రఫ్‌కి. తెర మీద వేలు కాసేపు నొక్కి పెట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే మీరు లేత రంగు చీర కట్టుకుని నల్ల బోర్డు ముందు ఇటు నుంచి అటు నడిచినప్పుడల్లా బొమ్మ ఒకసారి తెల్లగా ఒకసారి చీకటిగా మారుతుంటది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ల కింద తీసిన వీడియోలో చారలు పాకుతుంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టాలి, వెబ్‌క్యామ్ అయితే దాని సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ 60 లో ఉంటే 50 కి మార్చండి. వైట్‌బోర్డు అయితే కిటికీ కర్టెన్ వేసి నలుపో నీలమో మార్కర్ వాడండి, ఎరుపు, ఆకుపచ్చ వీడియోలో తేలిపోతాయి.

చెరిపే ముందు పక్కకి జరిగి మూడు సెకన్లు ఆగండి. ఇది ఒక్కటి చేస్తే పిల్లలు అక్కడ పాజ్ చేసి స్క్రీన్‌షాట్ తీసుకుంటారు, సగం నోట్సు వాళ్లకి అక్కడే వచ్చేస్తది.

వీడియో ఫోన్ కూడా ఫ్లైట్ మోడ్‌లోనే ఉండాలి, కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతది. తోటి లెక్చరర్ డీఎస్ఎల్ఆర్ ఇస్తానంటే మాత్రం జాగ్రత్త, పాత మోడల్స్ చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకి తమంతట తామే ఆగిపోతాయి, యూరప్‌లో వీడియో కెమెరాల మీదున్న పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టిన హద్దు అది, దాని శిక్ష ఇక్కడ మన కన్వల్యూషన్‌కి పడింది.

స్లైడ్స్ చెప్పే రోజు ఫోన్ కెమెరా అక్కర్లేదు, లాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ వేసి స్క్రీన్, మైకు రికార్డ్ చేయండి, అదీ ఫ్రీనే. ఫైలు ఎంపీ4 లో కాకుండా ఎంకేవీ అనే ఫార్మాట్‌లో రికార్డ్ చేయండి. మధ్యలో లాప్‌టాప్ హ్యాంగ్ అయినా, కరెంటు పోయి బ్యాటరీ చచ్చినా అప్పటిదాకా పడింది ఎంకేవీలో భద్రంగా ఉంటది, మామూలు ఎంపీ4 అయితే చివర్లో సరిగ్గా మూయకపోతే మొత్తం ఫైలే తెరుచుకోదు. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోనే రీమక్స్ అని ఉంటది, నిమిషంలో ఎంపీ4 అయితది. ఇంకోటి, లేజర్ పాయింటర్ స్క్రీన్ రికార్డింగ్‌లో పడదు. మౌస్ పాయింటర్ పెద్దది చేసి దాంతోనే చూపించండి.

సైజు విషయం. మన పిల్లల్లో చాలామంది రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద బతుకుతారు. యాభై నిమిషాల క్లాసు 1080పీలో 5 ఎంబీపీఎస్‌తో (సెకనుకి 5 మెగాబిట్లు) పెడితే 1.9 జీబీ దాకా వస్తది, అంటే మీ ఒక్క క్లాసుకే వాడి రోజు డేటా ఖతం. అదే 720పీలో 1 ఎంబీపీఎస్‌కి దించితే 375 ఎంబీ, బోర్డు మీద అక్షరం కదలదు కాబట్టి ఆ మాత్రం చాలు, హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో పడేసి పడుకుంటే పొద్దున్నకి అయిపోతది. ఇంక ఉత్త ఆడియో 64 కేబీపీఎస్ మోనోలో 24 ఎంబీనే, అది విడిగా తప్పకుండా ఇవ్వండి, బస్సులో వినేవాళ్లు ఎక్కువమందే ఉంటారు. వాట్సాప్‌లో పంపితే వీడియోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేకపోతే అది నొక్కి నొక్కి బోర్డు మీది అక్షరాల్ని మసక చేస్తది. యూట్యూబ్ అన్‌లిస్టెడ్‌గా పెట్టడం తేలిక, 15 నిమిషాలు దాటిన వీడియోలకి ముందు అకౌంట్‌ని ఫోన్ నంబర్‌తో వెరిఫై చేసుకోవాలి. అన్‌లిస్టెడ్ అంటే రహస్యం కాదు, లింకు ఎవరి చేతికి పోతే వాళ్లు చూడొచ్చు.

ఇంక రెండో అవసరం, ముక్క దొరకడం. వీడియో కింద వివరాల్లో 00:00 నుంచి మొదలుపెట్టి వరసగా కనీసం మూడు టైమ్‌లు, పక్కన టాపిక్ పేరు రాస్తే యూట్యూబ్ దాన్ని చాప్టర్లుగా కోసి చూపిస్తది, ఒక్కో చాప్టర్ కనీసం పది సెకన్లుండాలి అంతే. ఇది ఎవరూ చేయరు, మైకు కొంటారు, ట్రైపాడ్ కొంటారు, ఈ పది నిమిషాల పని దగ్గర ఆగిపోతారు. మీరు ఒంటరిగా చేయకండి, క్లాసు సీఆర్‌కి (క్లాస్ రిప్రజెంటేటివ్) చెప్పండి, టాపిక్ మారినప్పుడల్లా వాచీ చూసి నోట్‌బుక్ మార్జిన్‌లో టైము రాసుకుంటాడు. “లెక్చర్ 14” అని పేరు పెట్టకండి, తేదీ, యూనిట్, టాపిక్ పెట్టండి, “గ్రాఫికల్ కన్వల్యూషన్, రెండు ప్రాబ్లమ్స్” అని ఉంటే వాడికి పనైతది. ఆటోమేటిక్ క్యాప్షన్ల మీద ఆశ పెట్టుకోవద్దు, సగం తెలుగు సగం ఇంగ్లిష్‌లో మనం చెప్పే పాఠానికి అవి రాసేది చదివి పిల్లలు నవ్వుకుంటారు.

వీడియోలు ఆరు నిమిషాలు దాటకూడదు, ముక్కలు చేయండి అని మీకు ఎవరన్నా చెప్తే దాని వెనకున్నది 2014లో ఫిలిప్ గువో, ఇంకో ఇద్దరు కలిసి ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లు చూసి రాసిన పేపర్. అది ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చుని మొదటిసారి చూసే ఆన్‌లైన్ కోర్సుల గురించి. మీ పిల్లలు క్లాసులో ఒకసారి విన్నదే మళ్లీ వెతుక్కుంటారు, వాళ్లకి ఎనిమిది ముక్కల కంటే చాప్టర్లున్న ఒక్క వీడియో మేలు. ఐఐటీల వీడియో పాఠాల ఎన్‌పీటీఈఎల్ 2003 నుంచి ఉంది, తెలంగాణ ప్రభుత్వ టీశాట్ ఛానళ్లలో పాఠాలొస్తాయి, మళ్లీ మీదెందుకు అనేవాళ్లకి కూడా నా సమాధానం అదే, అవి మంచివే గానీ మీ నొటేషన్, మీ ప్రాబ్లమ్, మిడ్‌లో మీరు అడగబోయేది వాటిల్లో ఉండవు.

హెచ్ఓడీ సారు భయం గురించి. జేఎన్‌టీయూహెచ్ కాలేజీల్లో 75 శాతం అటెండెన్స్ రూలు ఎటూ ఉంది, 65 కంటే తగ్గితే కండోనేషన్ (తగ్గిన హాజరుని మన్నించడం) కూడా లేదు, రికార్డింగ్ ఉన్నా లేకున్నా వాడు రావాల్సిందే. నిజమైన ప్రమాదం వేరే ఉంది, క్లాసులో కూర్చుని “ఎట్లాగూ రికార్డింగ్ వస్తది కదా” అని పెన్ను మూసేయడం. మళ్లీ మళ్లీ చదవడం కంటే చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వారం తర్వాత ఎక్కువ నిలబడుతుందని రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు 2006లో చూపించారు, మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్టులోనే ముందున్నారు, వారం ఆగితే లెక్క తిరగబడింది. వీడియో చూడడం కూడా అంతే, చూస్తుంటే అన్నీ వచ్చినట్టే అనిపిస్తది. అందుకని పిల్లలకి చెప్పండి, ముందు తెల్ల కాగితం మీద డెరివేషన్ సొంతంగా రాయండి, ఎక్కడ ఆగిపోతే ఆ చాప్టర్ మాత్రమే తెరవండి అని. సారుకి చూపించడానికి ఇంకోటి, వ్యూస్ కొంచెం పడ్డాక యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (వీడియోలో ఏ చోటు ఎంత చూశారో చూపించేది) వస్తది, అందరూ వెనక్కి తిప్పి తిప్పి చూసిన చోట గుట్టలా లేస్తది. అది మీరు సరిగ్గా ఎక్కించలేకపోయిన చోటు, తర్వాతి క్లాసు అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

పర్మిషన్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. 1957 కాపీరైట్ చట్టంలో పెర్ఫార్మర్ అనే మాటకి అర్థం చెప్పేచోట నటుడు, గాయకుడు, గారడీ చేసేవాడు, పాములాడించేవాడు, వాళ్లతోపాటే లెక్చర్ ఇచ్చే మనిషి కూడా ఉన్నాడు, ఇది స్టాఫ్ రూములో చెప్తే అందరూ నవ్వుతారు గానీ దానర్థం మీ పాఠం రికార్డింగ్ మీద మీకంటూ హక్కుందని. సొంత వాడకానికో, నిజాయితీగా బోధనకో రికార్డ్ చేసుకుంటే ఆ హక్కుకి భంగం కాదని 39వ సెక్షన్ అంటది, తీసుకెళ్లి టెలిగ్రామ్ ఛానల్లో అమ్ముకుంటే ఆ మినహాయింపు వర్తించదు. అమీర్‌పేట చుట్టుపక్కల కోచింగ్ రికార్డింగులు ఎట్లా చేతులు మారతాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, స్లైడ్ మూలన మీ పేరు, సెమిస్టర్ వేసి పెట్టండి. గెస్ట్ లెక్చరర్ వస్తే ముందే అడగండి, వద్దంటే వద్దు. పిల్లలకి మొదటి రోజే రికార్డింగ్ జరుగుతుందని చెప్పండి, కెమెరా బోర్డు వైపే ఉంటది కాబట్టి మొహాలు పడవు, అయినా ఎవరన్నా సొంత కష్టం చెప్పుకోవడానికి లేస్తే జేబులో చెయ్యి పెట్టి పాజ్ నొక్కేయండి. కాలేజీ నుంచి ఒక లైన్ పర్మిషన్ కాగితం మీద తీసుకోండి, అందులో వీడియోలు ఎవరి అకౌంట్లో ఉంటాయి, మీరు ఉద్యోగం మారితే ఏం చేస్తారన్నది కూడా రాయించండి, అది అప్పుడు అడిగితే ఎవరూ రాసివ్వరు.

మైకు, కన్వర్టర్, ట్రైపాడ్ కలిపి మూడు వేల లోపే తేలిపోతది, మిగిలింది దాచుకోండి. పాత ఫోన్ మోడల్ ఏంటో రాస్తే దానికి ఏ కన్వర్టర్ అడగాలో చెప్తా.